సరస్సుకు ఇరవై నిమిషాలు చాలవు: పళని–కొడై యాత్రలు నడిపే తెలుగు ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నేను చిత్తూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. తిరుపతి, చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల నుంచి శుక్రవారం రాత్రి జనాన్ని ఎక్కించుకుని, పళని, కొడైకెనాల్, మదురై తిప్పి, సోమవారం తెల్లవారుజామున ఇంటి ముందు దింపే మీ అందరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. మీలో ఒకరి బండిలో నేనూ వెళ్లాను. పేరు రాయను. ఎవరి కరపత్రం తీసి చూసినా కొడై రోజు ఒకేలా ఉంటుంది కాబట్టి పేరుతో పనిలేదు. ఒక్క పగలు, పన్నెండు పాయింట్లు. వాటి చివరి వరసల్లో, సాయంత్రం నాలుగున్నర దాటాక, ‘లేక్ – 20 నిమిషాలు’ అని ఉంటుంది.

నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ ఇరవై నిమిషాల గురించే.

2023 మే నెలలో మా బడి టీచర్లు, వాళ్ల ఇళ్లవాళ్లు కలిసి పదిహేడు మందిమి వెళ్లాం. మా అక్క కూడా వచ్చింది. పొద్దున పళనిలో దర్శనం, మధ్యాహ్నానికి కొండ మీద. కోకర్స్ వాక్, పిల్లర్ రాక్స్, గ్రీన్ వ్యాలీ, పైన్ చెట్ల అడవి, ఇలా ఒక్కో చోట దిగడం, ఫొటో తీసుకోవడం, ఎక్కడం. పిల్లర్ రాక్స్ దగ్గర మంచు కమ్మేసి ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. ఆ తెర ముందు నిలబడి ఫొటోలు దిగాం. దారిపొడవునా బండ్లు ఒకదాని వెనక ఒకటి నత్తల్లా పాకాయి. మేం సరస్సు దగ్గరికి చేరేసరికి ఐదు కావస్తోంది.

అక్కడ దిగగానే మా అక్క బోట్ల వైపు పోలేదు. రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన అద్దె సైకిళ్ల వైపు నడిచింది. ఒక ఎర్ర సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యేసింది. బెల్లు ఒకసారి మోగించింది. అక్కకు యాభై రెండేళ్లు. జూనియర్ కాలేజీకి మా ఊరి నుంచి రోజూ ఆరు కిలోమీటర్లు సైకిల్ మీద వెళ్లొచ్చిన మనిషి. పెళ్లయ్యాక ముప్పై ఏళ్లపాటు ఆ కాలు పెడల్ మీద పడలేదు. “ఒక్క రౌండు తొక్కొస్తానే” అని నాతో అంటుండగానే డ్రైవర్ అన్న హారన్ కొట్టాడు. ఇంకా రెండు పాయింట్లు ఉన్నాయట, చీకటి పడితే ఘాట్ దిగడం కష్టమట. ఆయన చెప్పింది నిజమే. అక్క చెయ్యి తీసేసింది.

బత్తలగుండు దిగేదాకా అక్క ఏమీ మాట్లాడలేదు. టీ తాగడానికి ఆగినప్పుడు మాత్రం, “ఐదు కిలోమీటర్లే అంటనే రౌండు. మన కాలేజీ అంత దూరం కూడా లేదు” అంది.

పోయిన ఫిబ్రవరిలో నేను, అక్క, డిగ్రీ చదువుతున్న మా పాప ముగ్గురం మళ్లీ వెళ్లాం. ఈసారి ఏ యాత్రలోనూ చేరలేదు. సేలం దాకా రైలు, అక్కడి నుంచి దిండిగల్‌కు బస్సు, అక్కడి నుంచి కొండ బస్సు. మంగళవారం సాయంత్రం చేరాం. సరస్సుకు నడిచి పది నిమిషాల దూరంలో ఒక మామూలు గది తీసుకున్నాం. బుధవారం పొద్దున ఆరున్నరకు స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని కిందికి దిగాం.

ఆ రోజు గురించి మీకు వివరంగా చెప్పాలి. మీరు ఆ ఊరికి ఏడాదిలో నలభై సార్లు వెళ్తుంటారు. కానీ ఆ వేళకు ఆ రోడ్డు ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసి ఉండరు. ఆ వేళకు మీరు పళని మెట్ల దగ్గరో, ఘాట్ రోడ్డు మీదో ఉంటారు.

సైకిళ్లు అద్దెకిచ్చే పెద్దాయన అప్పుడే గోనెపట్టాలు తీస్తున్నాడు. మమ్మల్ని ముగ్గుర్నీ ఒకసారి పైనుంచి కింది దాకా చూసి, అడక్కుండానే మూడు సైకిళ్లు బయటికి లాగాడు. అక్కకు సీటు కిందికి దించాడు. వెనక చక్రం లేపి తిప్పి బ్రేకు నొక్కి చూశాడు. పల్లంలో ముందు బ్రేకు ఒక్కటే పట్టొద్దని తమిళంలో రెండుసార్లు చెప్పాడు. అక్క ఎక్కింది, హ్యాండిల్ వణికింది, కాలు కింద పెట్టేసింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పెట్టేసింది. ఆయన ఏమీ అనకుండా వెనక్కి వచ్చి క్యారియర్ పట్టుకున్నాడు. “భయపడాదీంగ అక్కా, పోంగ” అంటూ చిన్నపిల్లలకు నేర్పినట్టు పక్కనే పరుగెత్తాడు. ఇరవై అడుగులు పోయాక చెయ్యి వదిలేశాడు. వదిలేశాడని అక్కకు తెలియదు. మలుపు దాకా వెళ్లిపోయింది.

కొడై సరస్సు గుండ్రంగా ఉండదు. నక్షత్రంలా నాలుగు వైపులా చేతులు చాచుకుని ఉంటుంది. అందుకే మీ బండి ఎక్కడ ఆగినా దానిలో ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ‘ఇంతేనా లేక్’ అని మీ ప్రయాణికులు అంటారు చూడండి, అది అందుకే. సైకిల్ మీద పోతే రోడ్డు ఆ చేతుల వెంట లోపలికి వెళ్లి, మళ్లీ బయటికి వస్తుంది. బోట్‌హౌస్ కనబడకుండా పోతుంది. కాసేపటికి, వెనక్కి వచ్చేశామా అనుకునేంత దగ్గరలో, నీళ్లకు అవతల తేలుతుంది. ఎదుటి ఒడ్డున ఇందాక మనం ఆగిన చెట్టు ఉంటుంది. మధ్యలో వంద గజాల నీళ్లు, కానీ చేరాలంటే కిలోమీటరు తొక్కాలి. దారి దాదాపు సమతలమే. అక్కడక్కడ చిన్న ఎత్తు, ఆ వెంటనే చిన్న పల్లం. ఎత్తులో మా పాప దిగి నడిచింది. అక్క దిగలేదు.

నీళ్ల మీద నుంచి ఆవిరి లేస్తోంది, పాలు పొంగబోయే ముందు గిన్నె మీద లేచినట్టు. ఎండ ఇంకా కొండ దాటలేదు. యూకలిప్టస్ ఆకుల వాసన చలిగాలితో కలిసి ముక్కులోంచి గొంతులోకి దిగుతోంది. రాతి గోడల మీద నుంచి ఉమ్మెత్తపూల లాంటి పొడవాటి పూలు తలకిందులుగా వేలాడుతున్నాయి. బ్రయంట్ పార్క్ వైపు దుకాణాల వరస దాటామంటే అటుపక్క పాత బంగళాలు, చెట్లు, నిశ్శబ్దం. నా సైకిల్ చైను చప్పుడు నాకే వినబడింది. ముందు పోతున్న అక్క ఒకసారి బెల్లు కొట్టింది. దారిలో ఎవరూ లేరు. ఊరికే కొట్టింది.

ఒకచోట ఆగి చేతులు రుద్దుకుంటుంటే పాప అడిగింది, ఇంత ఎత్తున ఈ చెరువు ఎలా వచ్చిందని. నేను సోషల్ టీచర్ని, ఆ ప్రశ్న వదులుతానా? అది దానంతటది వచ్చిన సరస్సు కాదు. ఈ కొండ మీద మొదట బంగళాలు కట్టుకున్నది 1845లో, మదురై మైదానం ఎండలకూ జ్వరాలకూ తాళలేక పైకెక్కిన అమెరికన్ మిషనరీలు. మదురై కలెక్టరుగా చేసిన సర్ వియర్ హెన్రీ లెవింజ్ అనే ఆయన 1863లో మూడు వాగులు కలిసే చోట కట్ట వేయించాడు. బురద పల్లంలో నీళ్లు నిలిచి సుమారు అరవై ఎకరాల సరస్సు అయింది. మొదటి పడవను ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న తూత్తుకుడి నుంచి ఏడు వేల అడుగుల ఎత్తుకు తెప్పించాడట. బోట్ క్లబ్ మాత్రం 1890లో వచ్చింది. మీరు ఘాట్ రోడ్డులో ఆపే సిల్వర్ కాస్కేడ్ జలపాతం ఉంది కదా, అందులో దూకేది ఈ సరస్సు పొర్లిన నీళ్లే. మీ జాబితాలో అది ఒక పాయింటు, ఇది ఒక పాయింటు. రెండూ ఒకటే నీళ్లని బండిలో ఎవరైనా చెబితే, ఆ జలపాతం దగ్గర జనం నిలబడే తీరే మారిపోతుంది.

ఘాట్ రోడ్డు లేని రోజుల్లో పెరియకుళం దగ్గర కృష్ణమ నాయకన్ తోపు నుంచి కాలిబాటన ఎక్కేవారు. నడవలేని వాళ్లను డోలీల్లో కూలీలు మోసేవారు. తోపు పేరు చూశారా? అక్కడికి దగ్గర్లోనే బోడినాయకనూరు. మదురై నాయక రాజుల కాలంలో మనవాళ్లు పాతుకుపోయిన నేల అది. ఈ కొండ కింది ఊళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మేం వెళ్లిన కొండ బస్సులో కండక్టర్ మా మాటలు విని తెలుగులోనే జవాబిచ్చాడు. ఆ తెలుగు వినడానికి కొత్తగా, పాతగా, ఎంతో తియ్యగా ఉంది.

మొదటి రౌండు పూర్తయ్యేసరికి గంటంబావు పట్టింది. ఐదు కిలోమీటర్లకు అంతసేపా అని మీరనొచ్చు. తొక్కింది అరగంటే. మిగతాదంతా ఆగడం. సైకిల్‌తో ఉన్న సుఖం అదే. ఆగాలనిపించిన చోట కాలు కింద పెడితే చాలు. మీ బండిలో ఆగాలంటే డ్రైవర్ అన్నకు చెప్పాలి, ఆయనకు చోటు దొరకాలి, పదిహేడు మందీ ఒప్పుకోవాలి.

ఎనిమిదింటికి ఒక తోపుడు బండి దగ్గర అల్లం టీ, బ్రెడ్ ఆమ్లెట్. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకున్నాం. టీ కాచే ఆవిడతో అక్క మాటల్లో పడింది. మాకు సరిహద్దు తమిళం వచ్చు కదా. వేసవిలో బండ్లు వేలల్లో వస్తాయి, మీకు బేరాలు బాగుంటాయేమో అని అక్క అడిగితే, ఆవిడ తల అడ్డంగా ఊపింది. బండ్లు ఆగవమ్మా, సైకిళ్లు ఆగుతాయి అంది. ఆ మాట నేను మా ఇంటికి మూటగట్టుకొచ్చాను. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఆ మాటే.

పదిన్నరకు రెండో రౌండు మొదలుపెట్టాం. పొద్దుటి రోడ్డేనా ఇది అనిపించింది. బుధవారం అయినా టాక్సీలు, వ్యాన్లు ఒడ్డు వెంట బారులు తీరాయి. గుర్రాలు వాటి మధ్య ఇరుక్కుని తలలు విదిలిస్తున్నాయి. హారన్ మోగినప్పుడల్లా అక్క ఉలిక్కిపడి పక్కకు జరుగుతోంది. ఒకచోట ఒక టెంపో ట్రావెలర్ ఆగింది, ఏపీ నంబరు ప్లేటు. అందులోంచి ఆడవాళ్లు దిగారు, తలల్లో నలిగిన మల్లెపూలు, కళ్ల కింద రాత్రి ప్రయాణం నిద్రలేమి. సైకిళ్ల వరస దగ్గరికి వెళ్లారు. ఒకరి తర్వాత ఒకరు హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఫొటో దిగారు. ఒక్కరూ ఎక్కలేదు. హారన్ మోగగానే వెళ్లిపోయారు. 2023లో మమ్మల్ని బయటి నుంచి ఎవరైనా చూసి ఉంటే ఇలాగే కనబడి ఉంటాం.

ఇది మీతో గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో నలభై దాటిన ఆడమనిషి సైకిల్ ఎక్కితే రోడ్డంతా తిరిగి చూస్తుంది. ఇంట్లోవాళ్లు ఇప్పుడెందుకు నీకిది అంటారు. మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు సైకిళ్ల మీద వస్తారు. వాళ్ల అమ్మల్లో చాలామందికి సైకిల్ వచ్చు, కానీ తొక్కే చోటు లేదు. ఆ సరస్సు రోడ్డు మీద ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. అక్కడ అందరూ తొక్కుతారు, తాతలు, కొత్త జంటలు, చీర కుచ్చిళ్లు పైకి దోపుకున్న అమ్మమ్మలు. ఆ రోజు అక్క మొహంలో నేను చూసినది, మా పెళ్లిళ్లకు ముందు రోజుల్లో చూసినది. వేల రూపాయలు తీసుకుని మీరు జనాన్ని అంతదూరం తీసుకెళ్తున్నారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. సరిగ్గా వాళ్లకు ఆ కొండ మీద దొరికే అన్నిటికన్నా గొప్ప సంగతి ముందు ఇరవై నిమిషాలు నిలబెట్టి హారన్ కొడుతున్నారు.

నేను అడుగుతున్నది ఇది. సరస్సుకు ఒక పూట ఇవ్వండి. సాయంత్రం కాదు, పొద్దున పూట. పళని దర్శనం చేయించి ఆ రాత్రికే కొండ ఎక్కించి పడుకోబెట్టండి. మర్నాడు ఆరున్నర నుంచి పది దాకా సరస్సు దగ్గర వదలండి. బండిని ఒడ్డు దాకా తీసుకురావద్దు, గది దగ్గరే ఉంచేయండి. సైకిల్ అద్దె టికెట్‌లోనే కలిపి రాయండి. విడిగా ఇవ్వమంటే మన ఆడవాళ్లు చేతి సంచి మూసేసుకుంటారు, ముందే ఇచ్చిన డబ్బయితే తప్పకుండా ఎక్కుతారు. బయల్దేరే ముందు రోజు ఫోన్లో పంపే సందేశంలో చుడీదార్లు, పట్టున్న చెప్పులు, స్వెట్టర్ అని ఒక వాక్యం చేర్చండి. మోకాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లు నడుస్తారు, బెంచీల మీద కూర్చుంటారు. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ ఎత్తున తొందర వద్దని చెప్పండి. ముందు వెళ్లే వాళ్లు, వెనక వచ్చే వాళ్లు అని మీ మనుషుల్ని ఇద్దర్ని పెడితే తప్పిపోయేవాళ్లు ఉండరు, రోడ్డు తిరిగి తిరిగి మొదటికే వస్తుంది కాబట్టి.

జనం అన్ని పాయింట్లూ అడుగుతారమ్మా, తగ్గిస్తే పక్క ట్రావెల్స్‌కు పోతారు అని మీరంటారని తెలుసు. మా బండిలో వచ్చిన పదిహేడు మందినీ ఈ మధ్య అడిగాను, ఏమేం చూశామో గుర్తుందా అని. ఐదు పేర్లు దాటి చెప్పినవాళ్లు ఇద్దరే. ఆ ఐదింటిలో కూడా ఏది ఏదో కలిసిపోయింది. లోయ పాయింట్లన్నీ మంచు దయ మీద ఆధారపడ్డవి. మీరు చేర్చిన గంటకు మంచు కమ్మితే మీరేం చేయగలరు? సరస్సు ఎప్పుడూ పాదాల దగ్గరే ఉంటుంది, మంచులో అయితే ఇంకా అందంగా ఉంటుంది. పన్నెండులో ఐదు తీసేయండి. ఏ ఐదో మీకే బాగా తెలుసు.

మీ డ్రైవర్ల సంగతి కూడా ఆలోచించండి. సరస్సు పూట మొదట పనికొచ్చేది వాళ్లకే. రాత్రంతా కృష్ణగిరి, సేలం, కరూర్ మీదుగా బండి నడిపి, పగలంతా ఆ ఇరుకు రోడ్ల మీద పన్నెండు చోట్ల బండి పెట్టుకోవడానికి చోటు వెతికి, మళ్లీ చీకట్లో ఘాట్ దిగాలి. మా డ్రైవర్ అన్న ఆ రోజు హెయిర్‌పిన్ మలుపుల్లో కిటికీ దించి మొహం మీద చలిగాలి కొట్టించుకుంటూ నడిపాడు. ముందు సీట్లో కూర్చున్న నేను నిద్ర ఆపుకోవడానికి ఆయన పడే అవస్థ చూస్తూ, కబుర్లు చెబుతూ కూర్చున్నాను. జనం సైకిళ్లు తొక్కే మూడున్నర గంటలు ఆయన గదిలో పడుకుంటే ఆ దిగుడు వేరుగా ఉంటుంది. మీ బండ్లలో ఎక్కే వాళ్లంతా ఇంటికి చేరాలి కదా.

పైగా ఇప్పుడు కొండ మీదికి ఇష్టం వచ్చినట్టు బండ్లు పోనివ్వడం లేదు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకీ ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవికి కొడైలో మామూలు రోజుల్లో 4,000 వాహనాలు, శని ఆదివారాల్లో 6,000 వాహనాలు అని హద్దు కూడా గీశారు. ఐదు లీటర్ల లోపు ప్లాస్టిక్ సీసాలు తెస్తే సీసాకు 20 రూపాయల పన్ను. ఇదంతా వ్యాపారం మీద దెబ్బ అని మీలో కొందరు అనడం విన్నాను. ఆ కొండకు, ఆ నీళ్లకు మోయగలిగినంతే మోయడం సాధ్యం. అక్కడి వాళ్లు తాగేది, వండుకునేది ఆ కొండ నీళ్లతోనే. మంగళ, బుధవారాల్లో యాత్ర వేయండి, హద్దు మీకు అంతగా అడ్డు రాదు, గదులూ చౌక. బండిలో రెండు ఇరవై లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టండి. సైకిల్ బుట్టలో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా ఒకటి చాలు.

ఆ సరస్సు ఇప్పటికే చాలా భరించింది. ఊళ్లో ఒక థర్మామీటర్ల కర్మాగారం ఉండేది, 2001లో మూతపడింది. అక్కడి నుంచి వెలువడ్డ పాదరసం సరస్సు అడుగు మట్టిలోనూ, చేపల్లోనూ ఉన్నట్టు పరీక్షించి తేల్చింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్‌లోని అణుశక్తి శాఖ ప్రయోగశాల శాస్త్రవేత్తలు. ఆ పరిశోధన 2006లో అచ్చయింది. పైకి అద్దంలా మెరిసే నీళ్ల అడుగున ఏముందో చెప్పడానికి మన దగ్గరి మనుషులు అంత కష్టపడ్డారు. మన బండ్లు అదే నీళ్ల ఒడ్డున ఇంజిన్ ఆపకుండా నిలబడి పొగ వదులుతున్నాయి, చిప్స్ కవర్లు కిటికీలోంచి రాలుస్తున్నాయి. ఆ బుధవారం నా కళ్లతో చూశాను. మన నంబరు ప్లేటు చూసి సిగ్గుపడ్డాను. అక్క సైకిల్ ఆపి, దిగి, రెండు కవర్లు తీసి బుట్టలో వేసుకుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం ఎండలో గదిలో పడుకున్నాం. సూర్యుడిని గమనించే అబ్జర్వేటరీ ఊరి పైన ఉందని, 1909లో సూర్యుడి మచ్చల్లో వాయువుల కదలికను ఎవర్‌షెడ్ కనిపెట్టింది అక్కడేనని పాప తన ఫిజిక్స్ గురించి మురిసిపోతూ చెప్పింది. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో పెరిగిన వేణు బాపు 1960లో దానికి అధిపతి అయ్యాడని నేను చెబితే, మరి అది మీ యాత్రలో ఎందుకు పెట్టలేదమ్మా అంది. మళ్లీ వచ్చినప్పుడు చూద్దామన్నాను. ఒక రోజుకు ఒకటి చాలనిపించింది.

సాయంత్రం ఐదున్నరకు మూడో రౌండు. కాళ్లు పట్టేశాయని నేను కూర్చుండిపోయాను, అక్కా పాపా వెళ్లారు. బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుంటే అవతలి ఒడ్డున వాళ్లిద్దరూ చెట్ల మధ్య కనబడుతూ, మాయమవుతూ, మళ్లీ కనబడుతూ పోయారు. దీపాలు వెలిగాక నీళ్లలో వాటి నీడలు పొడవుగా సాగాయి. పెద్దాయన సైకిళ్లు లోపల పెట్టేస్తూ మా వాళ్ల కోసం ఒక బల్బు వెలిగించి ఉంచాడు. అక్క వచ్చి సైకిల్ అప్పగిస్తే, పొద్దున పరుగెత్తించింది నువ్వేనా అన్నట్టు నవ్వి, అద్దెలో పది రూపాయలు తగ్గించుకున్నాడు. అక్క ఒప్పుకోలేదు. కాసేపు ఇద్దరూ ఆ పది నోటు కోసం వాదించుకున్నారు.

ఇంకొక్క మాట. పళని కొండల మీద పన్నెండేళ్లకోసారి విచ్చే నీలకురింజి 2018లో పూసింది. మళ్లీ 2030లో పూస్తుంది. ఆ ఏడాది మీ ఫోన్లు ఆగకుండా మోగుతాయి, ఇప్పటి రద్దీ అప్పుడు లెక్కలోకే రాదు. అప్పటికప్పుడు కొత్త పద్ధతి పెట్టడం ఎవరి వల్లా కాదు. ఇప్పటి నుంచే బండి దూరంగా ఆపడం, జనాన్ని సైకిల్ ఎక్కించడం అలవాటు చేసి ఉంటే, ఆ ఏడాది కూడా పొద్దుటి రౌండు మిగులుతుంది.

వచ్చే ఫిబ్రవరిలో మేం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మా బడి, పక్క ఊరి బడి టీచర్లు, మా వీధి ఆడవాళ్లు కలిసి పద్నాలుగు మందిమి. అందులో తొమ్మిది మందికి సైకిల్ వచ్చు, ముగ్గురు వచ్చేమో అంటున్నారు, ఇద్దరికి మా అక్క సంక్రాంతి సెలవుల్లో బడి మైదానంలో నేర్పుతానంది. బండి కావాలి, మంచి డ్రైవర్ కావాలి. మంగళవారం రాత్రి కొండ మీద బస, బుధవారం పొద్దున ఆరున్నర నుంచి పది దాకా సరస్సు, అద్దె సైకిళ్లతో సహా. మీ కరపత్రంలో ఈ ఒక్క వరస ఎవరు ముందు అచ్చు వేస్తే పద్నాలుగు మంది అడ్వాన్సు వాళ్లకే కడతాం. చిత్తూరు బస్టాండు దగ్గర మీ ఆఫీసులన్నిటికీ డిసెంబరు మొదటి వారంలో నేనే వచ్చి కరపత్రాలు అడిగి తీసుకుంటాను.

ఇట్లు,
చిత్తూరు జిల్లా నుంచి ఒక సోషల్ టీచర్